ఫోన్లో చెప్పిన ఆఖరి రీలు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను మద్రాసు నుంచి ఆదోనికి వచ్చాను. చదువు సగంలో ఆగిపోయింది. ఆదోనిలో మా మేనమామకు సినిమా హాలు ఉంది. నాకు టికెట్లు చింపే ఓపిక లేదని ఆయనకు వారంలోనే అర్థమై, ఆఫీసు గదిలో ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. ఏ బొమ్మ ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి బళ్లారికి ఫోను, రీళ్ల పెట్టె దిగిందో లేదో స్టేషనుకు ఫోను, ఎమ్మిగనూరు హాలుకు ఫోను. తీగ ఎంతవరకు సాగితే అంతవరకు రిసీవరు చేత్తో పట్టుకునే తిరిగేవాణ్ణి. ఆటకొచ్చే పత్తి జిన్నింగు మిల్లు కూలీలు నాకు ఫోనప్ప అని పేరు పెట్టారు. మొదట్లో ఆ పేరుతో పిలిచినవాడి మీదికి చెయ్యెత్తుకుని పోయాను. తర్వాత పలకడం అలవాటైంది.

ఇంగ్లీషు బొమ్మలంటే నాకు పిచ్చి. మద్రాసులో కాలేజీ ఎగ్గొట్టి చూసినవన్నీ అవే. వాటి మీద నా అభిప్రాయాలు చాలా గట్టివి, ఎవరైనా కాదంటే గొంతు లేచేది. గుర్రాల బొమ్మకు భాష అక్కర్లేదంటాను. మండే ఎండ, ఖాళీ వీధి, ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు, ఇద్దరి నడుముకూ తుపాకులు. ఆదోని కొండల కింద పెరిగినవాళ్లకు ఆ రాళ్లూ ఆ దుమ్మూ కొత్త కాదు. మా నేలక్లాసులో మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవారు, వీడు పొద్దస్తమానం గుర్రం మీదే ఉంటాడు గదా, దానికి నీళ్లెప్పుడు తాపుతాడని. మొదటిసారి విని ఎగతాళిగా నవ్వాను. ఆ తర్వాత ఏ గుర్రాల బొమ్మ చూసినా నా కళ్లు నీళ్లతొట్టి కోసమే వెతికాయి. తొట్టి చూపించినవాడే మంచి డైరెక్టరని ఇప్పటికీ నా లెక్క.

హిందీ దొంగల బొమ్మల్లో దొంగ బాగుంటాడు. టోపీ, సిగరెట్టు, మెట్ల మీద నీడ, అంతా బాగుంటుంది. చివరికి వచ్చేసరికి వాణ్ణి తల్లి ముందు నిలబెట్టి ఏడిపిస్తారు. అక్కడ నాకు మండుతుంది. దొంగను దొంగగా పోనియ్యరెందుకో.

హత్య బొమ్మ సంగతి వేరు. దాని ప్రాణమంతా ఆఖరి రీల్లో ఉంటుంది. మొదటి నుంచీ అందరికీ ఎవరి మీద అనుమానమో వాడే చంపాడని తేలితే అది మోసమని నా వాదన. ఆ వాదనే నా చేత తప్పు చేయించింది.

ఇంగ్లీషు బొమ్మ మాకు ఆదివారం ఒక్కరోజే దొరికేది. పొద్దుటి ఆట ఆదోనిలో, మధ్యాహ్నం ఆట ఎమ్మిగనూరులో. రెండూళ్లకూ ఒకటే పెట్టె. మా ఆట అయిపోగానే రీళ్ల డబ్బాలు పెట్టెలో సర్ది బస్సు మీదికి ఎక్కించాలి.

ఎమ్మిగనూరులో ఆ పెట్టె కోసం ఎదురుచూసే మనిషి ఒకాయన ఉండేవాడు. నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి, యుద్ధంలో పట్టాళానికి పోయి, ఇంగ్లీషు పట్టుకొచ్చాడు. రేకుల హాల్లో తెర పక్కన స్టూలు మీద నిలబడి, బొమ్మలో మాటలన్నీ తెలుగులో చెప్పేవాడు. దొర మాట్లాడితే ఈయనే దొర, దొరసాని మాట్లాడితే ఈయనే దొరసాని. దొర ఇట్లా అంటున్నాడు అని ఎన్నడూ అనేవాడు కాదు. "నేనే సంపినా, ఏం జేస్కుంటావో జేస్కో" అని ఆయన గొంతెత్తితే నేల మీద కూర్చున్నవాళ్లు వెనక్కి జరిగేవాళ్లు. మగ్గాల వీధుల్లో వారమంతా నడిచేది ఆయన చెప్పిన కథే. ప్రతి ఆదివారం తొలి బస్సుకు ఆదోని వచ్చి, మా ఆట ఒకసారి చూసుకుని, పెట్టెతో పాటే వెళ్లిపోయేవాడు.

ఒక ఆదివారం ఆయన రాలేదు. ఇంట్లో మగ్గానికి కొత్త పడుగు దారాలు అతుకుతున్నారని, తను లేకపోతే పని సాగదని, పెట్టె పంపిస్తే చాలు, ఆట నడుస్తుండగానే చూసుకుంటూ చెప్పేస్తానని ముందురోజు ఫోను చేశాడు.

ఆ వారం హత్య బొమ్మ. పెద్ద బంగళాలో ముసలి దొర చచ్చిపోతాడు. ఆస్తి కోసం కాచుకున్న అన్నకొడుకు ఉంటాడు. రాత్రీ పగలూ పక్కనే ఉండి మందులిచ్చే మంచి డాక్టరుంటాడు. మొదటి రీల్లోనే నేలక్లాసువాడొకడు అన్నకొడుకు వైపు వేలు చూపించి వీడే అన్నాడు. నేను వాడికేసి కోపంగా చూశాను. నాకు డాక్టరు మీద అనుమానం. ఆఖరి రీలు సగం నడిచాక ఆఫీసులో ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు. పరిగెత్తి ఎత్తాను. ఎమ్మిగనూరు నుంచి ఆయనే. పెట్టె ఎక్కించినారా అని అడిగాడు. ఇంకా ఆట నడుస్తోందని కసిరాను. బస్సు తప్పుతుందేమో చూసుకోమన్నాడు, డ్రైవరుకు చెప్పమన్నాడు, తాడు గట్టిగా కట్టించమన్నాడు. పెట్టేసి వచ్చేసరికి హాల్లో దీపాలు వెలిగాయి, జనం లేచి పోతున్నారు.

నేను పైన మిషను గదికెక్కి ఆఖరి రీలు మళ్లీ వెయ్యమన్నాను. బస్సుకు వేళయిందని ఆపరేటరు కుదరదన్నాడు. నేనెవరి మేనల్లుణ్ణో గుర్తుచేస్తూ అరిచాను. అతను మాట్లాడకుండా వేశాడు. ఖాళీ హాల్లో ఒక్కణ్ణే కూర్చుని చూశాను. చంపింది అన్నకొడుకే. ఒళ్లు మండిపోయింది. తిట్టుకుంటూ కిందికి వచ్చేసరికి, కింద ఉన్న డబ్బాలే అన్నీ అనుకుని హమాలీ పెట్టె మూసి బస్సెక్కించేశాడు. ఆఖరి రీలు మిషను మీదే ఉంది. తర్వాతి బస్సు అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం ఆట అయిపోతుంది.

భోజనం చేసి వచ్చి కూర్చున్నాక ఫోను మోగింది.

"అప్పా, ఆఖరు డబ్బా ల్యా. యాడుంది?"

"ఇక్కడే ఉండిపోయింది అన్నా. ఆపరేటరు మర్చిపోయాడు."

అవతల హాల్లో జనం చప్పుడు వినిపిస్తోంది. ఆయన నెమ్మదిగా అన్నాడు: "సరే, అయిందేమో అయింది. ఆఖర్న ఏమయితాదో సెప్పు. దీపాలేసి నేను సెప్పుకుంటా. యెవురు సంపింది?"

"డాక్టరు" అన్నాను.

ఆ మాట నోటికి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నన్ను ఆఖరి రీలు చూడనియ్యనిది ఆయన ఫోనే అన్న కసి కొంత ఉంది. నేనైతే ఇట్లా తీసేవాణ్ణి అన్న పొగరు అంతకంటే ఎక్కువ ఉంది.

"డాక్టరా? ఆ మంచాయప్పా?"

"మందులోనే విషం. మధ్యలో ఒకసారి గ్లాసు తనే కడిగాడు చూడండి, అందుకే."

"అవునప్పా, కడిగినాడు" అన్నాడాయన. ఆ గొంతులో సంతోషం నాకు తీగలోంచి తెలిసింది. ఇంకా అడిగాడు. డాక్టరు ఎట్లా దొరికిపోయాడో, చివరికి ఏమన్నాడో అన్నీ అల్లి చెప్పాను. చాలా బాగా వచ్చింది. ఫోను పెట్టేసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా మామకు రీలు సంగతి తెలిసి, బస్సెక్కి నువ్వే ఇచ్చిరమ్మన్నాడు. ఎమ్మిగనూరు హాలు యజమాని మధ్యాహ్నం ఆటవాళ్లకు మాటిచ్చాడట, సాయంత్రం తెలుగు బొమ్మకు ముందు ఆ ఆఖరి రీలు ఉచితంగా వేస్తామని. ఆ రీలు వేస్తే నా డాక్టరు కథ అబద్ధమని అందరికీ తెలిసిపోతుంది. దారిపొడుగునా డబ్బా ఒళ్లో పెట్టుకుని, దిగగానే ఆయనతో చెప్పేయాలనుకున్నాను. దిగేసరికి హాలు నిండి ఉంది. ఆయన అప్పటికే స్టూలెక్కి నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నం డాక్టరు కథకు చప్పట్లు కొట్టారని డబ్బా అందుకున్న అక్కడి ఆపరేటరు చెప్పాడు. నేను నడిచి తెర దాకా పోవచ్చు. అంత వ్యవధి ఉంది. పోలేదు. గోడకానుకుని నిలబడ్డాను.

రీలు మొదలైంది. తెర మీద అన్నకొడుకు నేనే చంపానని ఒప్పుకుంటున్నాడు. ఆయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. హాల్లో ఒక్క ఇంగ్లీషు గొంతే వినిపించింది. దీపాలు వెలిగాక ముందు వరసలోంచి ఒక నేతగాడు లేచాడు.

"ఏం మామా, మజ్జాన్నం డాక్టరు సంపినాడంటివి, ఇప్పుడు యీడు సంపినాడు. తెల్లారితే ఇంకెవురు సంపుతారు?"

హాలంతా నవ్వింది. ఇంకొకరు, పట్టాళంలో నేర్చుకున్న ఇంగ్లీషు ఇదేనా అన్నారు. ఇన్నాళ్లూ చెప్పినవి కూడా ఇట్లాంటివేనా అని వెనక ఎవరో అడిగారు. ఆ ప్రశ్నకు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆయన నన్ను చూశాడు. ఆదోని ఫోనప్ప చెప్పినాడని ఒక్క మాటంటే అయిపోయేది.

"నాకట్లా అర్థమాయె. తప్పు నాదేలే" అని స్టూలు దిగాడు.

బయట నాకు టీ ఇప్పించాడు. ఆయనే అన్నాడు: "నువ్వు సెప్పినట్లుంటేనే బాగుండె అప్పా. ఆ దొరలకు అంత బుర్ర ల్యాకపోయె." నిజంగానే మెచ్చుకున్నాడు. గ్లాసు అక్కడే పెట్టేసి బస్సు దగ్గరికి నడిచాను.

కొన్ని వారాల తర్వాత మళ్లీ హత్య బొమ్మ వచ్చింది. ఉండలేక పెట్టెతో పాటు నేనూ బస్సెక్కాను. ఆట మొదలుకాక ముందే, ఆ రోజు కథ నాదని అందరికీ చెప్పేస్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు సెప్తే ఏమనుకుంటారు? నన్ను కాపాడనీకె మద్రాసాయప్ప అబద్ధమాడతాండాడంటారు. కూసో, బొమ్మ సూడు."

కూర్చున్నాను. ఆయన స్టూలెక్కి మొదలుపెట్టాడు. గొంతు అదే, మాటలూ అవే. కానీ ప్రతి మాట చివరా ఒక కొత్త ముక్క వచ్చి చేరింది. ఇంటికి వచ్చినాడంట. కత్తి తీసినాడంట. ఆఖరి రీల్లో హంతకుడు దొరికినప్పుడు నేల మీద ఎవరూ వెనక్కి జరగలేదు.

"ఈయప్పే సంపినాడంట" అన్నాడాయన.

"ఖాయమేనా మామా?" అన్నారెవరో.

తను దొరగా, దొరసానిగా మాట్లాడిన మనిషి ఎవరి దగ్గరో విన్నది చెప్పేవాడైపోయాడు. ఆఖరి రీలు ఎంత బాగున్నా ఆ 'అంట' ముందు నిలబడదు. హత్య బొమ్మల గురించి నాకున్న అభిప్రాయాలన్నిటిలోకీ నేను కష్టపడి సంపాదించుకున్నది ఇదొక్కటే.

ఆయన ఇప్పుడు ఆదోనికి రావడం మానేశాడు. ఆదివారం ఆట అవగానే ఫోను మాత్రం చేస్తాడు. ఆఖరు డబ్బా ఎక్కించినారా అని అడుగుతాడు. రిసీవరు బల్ల మీద పెట్టి, బయటికి పోయి, పెట్టె తెరిపించి, డబ్బాలన్నీ చేత్తో తాకి వస్తాను. హమాలీ ఎక్కించాడంట అని చెప్పడం తేలిక. నేను చెప్పను.

"నేనే ఎక్కించాను అన్నా" అంటాను.

"సరేప్పా" అంటాడు. ఒక్కోసారి వెంటనే పెట్టెయ్యడు. బస్సు కదిలిందా అని మళ్లీ అడుగుతాడు.