‘లేకపోతే?’ అని అడిగిన మనిషి

మొన్న పొద్దున్నే సార్ వాళ్ల ఊరు పెర్కిట్ నుంచి కబురొచ్చింది, రాజేశ్వర్ సార్ ఇక లేరని. చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని పాఠం మధ్యలో నిలబడిపోయాను. ఆర్మూరులో మాలో చాలామంది కంప్యూటర్ అనే యంత్రాన్ని మొట్టమొదట చూసింది ఆయన గదిలోనే. నాకు విద్యాదానం చేసి, ఆ తరువాత తన పక్కనే కుర్చీ వేసి ఉపాధ్యాయినిగా కూర్చోబెట్టిన మహనీయుడాయన. ఆయన గురించి ‘ఉండేవారు’ అని రాయవలసి వచ్చినందుకు నాకు దుఃఖం కన్నా ముందు కోపం వస్తోంది.

సార్ శాంతమూర్తి అని ఎవరైనా అంటే నమ్మకండి. సగం చెప్పి వదిలేసిన మాట వింటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. "కరెంటుంటే రేపు క్లాసు పెడ్తం సార్" అంటే చాలు, కళ్లద్దాల పైనుంచి చూసి "లేకపోతే?" అనేవారు. జవాబు చెప్పేదాకా వదిలేవారు కాదు. ఇంట్లో సుజాతమ్మగారికీ ఆ ప్రశ్న తప్పేది కాదు. నాతో సంసారం చేస్తున్నారా, పరీక్ష పెడుతున్నారా అని ఆవిడ మా ముందే దులిపేసేవారు.

ఆ ప్రశ్నకు మూలం ఆయన విద్యలోనే ఉంది. మేము నేర్చుకున్న కంప్యూటర్ భాష సి ప్లస్ ప్లస్‌లో దేన్నైనా ఒక వస్తువుగా రాయవచ్చు. దాని గుణాలు దానివి, దాని పనులు దానివి. అంతవరకు సార్‌కు మహాప్రీతి. కానీ అందులో ‘ఇట్లయితే’ అన్నది వట్టి ఆజ్ఞ. షరతు కుదిరితే పని జరుగుతుంది. కుదరకపోతే యంత్రం నోరు మూసుకుని ముందుకు పోతుంది. గణితంలోని ప్రమేయాల పద్ధతిలో నడిచే భాషలు వేరే ఉన్నాయనీ, అక్కడ ‘ఇట్లయితే’ కూడా ఒక విలువేననీ, ఏ దారిన పోయినా చివర జవాబు చేతికి రావలసిందేననీ ఆయన ఎక్కడో చదివారు. ఆ గుణాన్ని మా భాషకు తెచ్చి తీరాలని పట్టుబట్టారు. తన పద్ధతిలో రాసినదాన్ని మామూలు సి ప్లస్ ప్లస్‌గా మార్చే అనువాదక ప్రోగ్రాం ఒకటి రాయసాగారు. ‘లేకపోతే’ లేని ‘ఇట్లయితే’ను అది ఒప్పుకోదు. ఆర్మూరులో కూర్చుని భాషను దిద్దడమేమిటని నవ్వినవాళ్లు నవ్వారు.

అది పూర్తికాకముందే పసుపు సీజన్ వచ్చిపడింది. అమ్మకానికి పోసిన రాశి ఏ రకమో మిషన్ చెబితే తగాదాలుండవని కమిషన్ వ్యాపారుల పెద్ద అడిగితే, సార్ తొందరలో పాత పద్ధతిలోనే ప్రోగ్రాం రాసిచ్చారు. మార్కెట్ యార్డులో నాణ్యం చూసే మల్లన్న పసుపు కొమ్మును చెవి దగ్గర విరిచి, చప్పుడును బట్టి ఎండిందో తడి ఉందో చెబుతాడు. అతను చెప్పింది నేను మీటలు నొక్కి ఎక్కిస్తాను, తెర మీద రకం వస్తుంది, గుమాస్తా బిగ్గరగా చదువుతాడు, వేలం పాట మొదలవుతుంది. సందేహం వస్తే మాత్రం మల్లన్న పెదవి విప్పడు. విరిచిన కొమ్మును రాశి మీదే పెట్టి పక్కకు పోతాడు. మళ్లీ వచ్చి చూస్తాడని యార్డులో అందరికీ తెలుసు. ఆ మౌనం సంగతి ప్రోగ్రాంలో రాయాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఒకరోజు ధర్పల్లి రైతు గంగారెడ్డి రాశి మీద మల్లన్న కొమ్ము పెట్టి నడిచిపోయాడు. నేను ఏమీ ఎక్కించకుండా ఖాళీగానే మీట నొక్కాను. తెర మీద ‘రెండో రకం’ అని వచ్చింది. అది అంతకుముందు రాశికి వచ్చిన జవాబు. చెరిపేవాళ్లు లేక అట్లాగే మిగిలిపోయింది. గుమాస్తా చదివేశాడు, పాట మొదలైపోయింది. ఏడాది పంటంతా ఆ ఒక్క రాశే. తనది రెండో రకం కాదని గంగారెడ్డి మొత్తుకుంటున్నాడు, మిషన్ చెప్పాక ఆయన మాట వినేదెవరు? పాట ముగింపుకొస్తోంది.

సార్ తెర వంక ఒక్క చూపు చూసి, జనాన్ని తోసుకుంటూ పోయి రాశికి అడ్డంగా నిలబడ్డారు. "పాట ఆపుండ్రి. తప్పు నాది."

వ్యాపారుల పెద్దకు మొహం ఎర్రబడింది. "సార్, గిప్పుడు పాట ఆగితే మీ మిషన్ మల్ల యార్డుల అడుగు పెట్టది. జర సోచాయించుండ్రి."

"పెట్టకపోతే పాయె. గీ రాశికి జవాబే రాలే. పక్కదాని జవాబు తెచ్చి గీయన నెత్తిన పెట్టిన."

మల్లన్న తిరిగొచ్చి అడుగు నుంచి కొమ్ము తీసి విరిచాడు. ఫెళ్లుమంది. మొదటి రకం అన్నాడు. గంగారెడ్డి రాశి పక్కనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ మధ్యాహ్నమే మా మిషన్‌ను ఆటోలో ఎక్కించి పంపేశారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని సార్ నాతో అన్న మాట నేటికీ నా చెవుల్లో ఉంది: "మల్లన్న సప్పుడు చేయకపోవుడు కూడ జవాబేనమ్మ. మనమే దానికి పేరు పెట్టలే."

తరువాత కొన్నాళ్లకు అనువాదకం పూర్తయింది. అందులో జవాబు రాని చోట పెట్టే ‘ఆగు’ కూడా ఒక వస్తువే, పిలిస్తే పలుకుతుంది. యార్డు ప్రోగ్రాంను దానికిచ్చి చూశాం. గంగారెడ్డి రాశిని ముంచబోయిన, ‘లేకపోతే’ లేని వాక్యం దగ్గరే ఆగి ససేమిరా అంది. సార్ పగలబడి నవ్వారు. వ్యాపారులు మళ్లీ పిలవలేదు. ఆయన దానికోసం ఒక్కనాడూ విచారించలేదు.

కిందటి వారం నిజామాబాద్ దవాఖానకు వెళ్లాను. సార్‌కు స్పృహ లేదు. సుజాతమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "రేపటికి తెలివొస్తే ఫికర్ లేదంటున్నరమ్మ డాక్టర్లు" అన్నారు. ‘లేకపోతే?’ అన్న ఆ ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ కళ్లలోనూ అదే కనిపించింది. ఇద్దరమూ ఆయన మంచం పక్కనే నిలబడి, ఆయన ఒప్పుకోని పద్ధతిలో, నోరు మూసుకుని ఊరుకున్నాం.

జవాబు మొన్న వచ్చింది, సార్. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మీరు నేర్పలేదు.