యాదమ్మ మీద పడిన నింద

2022 ఎండాకాలం. ఫిల్మ్‌నగర్‌లో నేను క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. కుక్కల డాక్టర్‌గా కాస్త పేరుండేది, పేరుతోపాటు పొగరూ ఉండేది. ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు పట్టిందంటే ఆ పొగరే కారణం.

జూబ్లీహిల్స్‌లో ఒక నటి గారింట్లో లాబ్రడార్ ఐదు పిల్లల్ని పెట్టింది. నలభై అయిదు రోజులు నిండాయని, మొదటి టీకా వేయడానికి ఇంటికి రమ్మన్నారు. ఆ టీకా ముఖ్యంగా పార్వో రాకుండా వేసేది. పార్వో అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు. ఆ ఉదయమే నా క్లినిక్‌లో ఒక కుక్కపిల్ల దానితో చనిపోయింది. చేతులు కడుక్కున్నాను, కోటు మార్చాను, అవే బూట్లతో కారెక్కాను.

ఆ ఇంట్లో కుక్కపిల్లల్ని చూసుకునే యాదమ్మది యూసుఫ్‌గూడ. పిల్లలున్న గదిలోకి ఎవరినీ చెప్పులతో రానిచ్చేది కాదట. నన్నూ గుమ్మంలోనే ఆపింది.

"సార్, జర బూట్లు గీడ ఇడ్సి రండ్రి. పసికూనలున్నయ్."

లోపలి నుంచి మేడమ్ విన్నారు. "డాక్టర్ గారికి నువ్వు చెప్పేదేంటి? మీరు రండి డాక్టర్ గారూ, పర్లేదు."

నాకూ కొంచెం మండింది. ఇంత చదివినవాడికి ఈవిడ శుభ్రత నేర్పుతుందా అనుకున్నాను. బూట్లతోనే నడిచి వెళ్లి పిల్లల పరుపు పక్కన కూర్చున్నాను. ఐదింటికీ టీకా వేసి, కాఫీ తాగి వచ్చాను.

ఐదో రోజు ఫోనొచ్చింది, పిల్లలు పాలు ముట్టడం లేదని. వెళ్లేసరికి గదిలో వాసనకే నాకు అర్థమైపోయింది. ఆ రోజు వేసిన టీకా పనిచేయడం మొదలుపెట్టేలోపే వైరస్ ఒంట్లో చేరింది. సెలైన్లు పెట్టాను, తెలిసిన మందులన్నీ వాడాను. రెండు రోజుల్లో నాలుగు పోయాయి, ఒకటి దక్కింది.

గడప దాటని పిల్లలకి ఇదెలా వచ్చిందని మేడమ్ అడిగారు. నాకు తెలుసు.

"బయటి నుంచి ఎవరో మోసుకొచ్చి ఉంటారు" అన్నాను.

అందులో అబద్ధం లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. మేడమ్ చూపు యాదమ్మ మీదికి వెళ్లింది. వాళ్ల గల్లీ నిండా వీధికుక్కలే కదా అన్నారు, ఆ రోజే పనిలోంచి తీసేశారు. వెళ్తూ వెళ్తూ యాదమ్మ నా వైపు చూసింది. నేను మందుల పెట్టె సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

నెలన్నర పాటు నాకు అన్నం సయించలేదు. చివరికి మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొత్త మనిషి కుదిరిందనీ, ఇక ఆ సంగతి ఎత్తవద్దనీ అన్నారు. మళ్లీ నన్ను పిలవలేదు.

యాదమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో గిన్నెలు తోముతోంది. జబ్బు తెచ్చింది నేనేననీ, తెలిసే నోరు మూసుకున్నాననీ చెప్పి క్షమించమన్నాను. నాలుగు తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. బతికిన పిల్ల ఎట్లుందని అడిగింది. బాగుందన్నాను.

"నా చేతులతోనే సంపిన్ననుకున్న సార్, ఇన్ని దినాలు," అంది. "మా బిడ్డకు కొడుకు పుట్టిండు. ఇర్వై దినాలాయె. వానికేమన్న అంటుకుంటదని నేనింకా ఒళ్లెకు తీస్కోలే."

పార్వో మనుషులకి అంటదు. ఆ మాట లోపలున్న కూతురికీ వినపడేలా చెప్పాను. యాదమ్మ నన్ను మళ్లీ అడిగింది, నిజమేనా అని. నా మాట నమ్మడానికి ఆమెకి కాసేపు పట్టింది.

బూట్లు విడవకపోవడం పొరపాటని సర్దిచెప్పుకోవచ్చు. ఆ రోజు తల దించుకున్నదాన్ని మాత్రం పొరపాటని నేను అనలేను.