బేరము ఆడరాదు అని రాసిన తెరచాప

ఆ రోజుల్లో మా ఊళ్ళో కుళాయి రెండు రోజులకొకసారి వచ్చేది. వచ్చిన రోజు కూడా నీళ్ల కంటే ముందు గాలి వచ్చేది, ఆ గాలి చప్పుడుకే వీధి వీధంతా బిందెలు పట్టుకుని పరిగెత్తేది. కర్నూలు జిల్లాలో అట్లాంటి ఊళ్ళో, తరతరాలుగా గోనెసంచులు, పట్టలు, తాళ్లు అమ్ముకునే ఒక సెట్టి ఇంట్లో తెరచాప ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అప్పుడూ నమ్మలేదు. చూసినవాళ్లు దాన్ని వేరుశనక్కాయల రాశి మీద కప్పే పట్ట అనుకుని ధర అడిగేవాళ్లు. (రెండుసార్లు నేను ధర చెప్పాను కూడా. నాయన చూడబట్టి ఆగింది.)

మా నాయన సముద్రాన్ని ఒక్కసారే చూశాడు. పెళ్లికి ముందు గోనెసంచులు కొనుక్కురమ్మని మా తాత కోస్తాకు పంపితే, అక్కడ తెరచాప పడవలు చూసి మూడు రోజులు ఒడ్డునే కూర్చుండిపోయాడట. సంచులు రాలేదు. తెరచాపను వాసానికి ఎట్లా కడతారో, గాలి పక్కనుంచి వస్తే తాడు ఎంత వదలాలో నేర్చుకుని వచ్చాడు. తాత "సంచులేవిరా?" అని అడిగితే "ఆడ గాలి శానా బాగుండాది నాయనా" అన్నాడట. ఆ తర్వాత తాత ఆయన్ని సరుకు కొనడానికి పంపలేదు, అమ్మడానికి మాత్రమే కూర్చోబెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత శ్రీశైలం డ్యాం కట్టడంతో కృష్ణ నీళ్లు వెనక్కి తన్నుకొచ్చి, మా ఊరికి బస్సు దూరంలో అవతలి గట్టు సన్నగా కనపడేంత వెడల్పున నిలబడ్డాయి. ఊళ్లు మునిగినవాళ్లకు ఆ నీళ్లంటే కోపం. మా నాయన ఒక్కడే, బయటికి చెప్పుకోలేక సిగ్గుపడుతూ, లోలోపల సంతోషించాడు.

ఆ తెరచాప అసలు మా అంగడి ముందు ఎండకు కట్టిన పరదా. మందమైన కాడా గుడ్డ. దాని మీద మా తాత ఎర్రరంగుతో, బజారు అవతలి కొసకు కనపడేట్టు, 'ఒకే మాట. ఒకే ధర. బేరము ఆడరాదు' అని రాయించాడు. తాత పోయాక నాయన దాన్ని దించి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో అంచులు కుట్టి తెరచాప చేసుకున్నాడు. ఎన్నిసార్లు ఉతికినా అక్షరాలు పోలేదు. కొత్త గుడ్డ కొనొచ్చు కదా అని అమ్మ అంటే, "అంగట్లో గుడ్డ పెట్టుకోని బయట కొంటామా?" అన్నాడు. పడవ పిచ్చి పట్టినా సెట్టి బుద్ధి ఎక్కడికీ పోలేదు.

ప్రతి అమావాస్యకూ అంగడి సెలవు. ఆ రోజు మేం నలుగురం, అంటే నాయన, అమ్మ, అక్క, నేను, తెరచాపను పరుపులాగా చుట్టి బస్సు టాపు మీద వేసుకుని నీళ్లకాడికి పోయేవాళ్లం. అక్కడ ఒక పడవ పెద్దాయన ఉండేవాడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు సగం తాత. ఎందుకంటే, నాయన ప్రతిసారీ ఒకచోట "యాడికొచ్చినాంప్పా?" అని అడిగేవాడు, తాత ప్రతిసారీ "సగానికొచ్చినాం సెట్టీ" అనేవాడు, సరిగ్గా అప్పుడే గాలి పడిపోయేది. గాలి పడగానే తాత వెనక నుంచి తెడ్లు తీసేవాడు. తెడ్డు నీళ్లలో పడగానే నాయన "ఇది లెక్కకు రాదు" అనేవాడు. తెడ్డు ముట్టకుండా, ఒట్టి గాలితో, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతేనే లెక్క. అది ఆయన పెట్టుకున్న నియమం. ఎన్ని అమావాస్యలు పోయామో గుర్తులేదు. లెక్కకు వచ్చినవి ఎన్నో మాత్రం బాగా గుర్తుంది. ఒక్కటీ లేదు.

నా ఇరవై ఒకటో ఏట నాయన పోయాడు. అంగట్లో ఎవరికో తాడు కొలుస్తూ కొలుస్తూ, కూర్చున్నచోటే. కొలిచిన తాడు చేతిలోనే ఉంది. ఆ కొనడానికి వచ్చినాయన దాన్ని తీసుకుపోలేదు, మేమూ మళ్లీ చుట్టకు చుట్టలేదు. అక్కను అప్పటికే రాజంపేటకు ఇచ్చాం కాబట్టి అంగట్లో నేను కూర్చున్నాను. కూర్చున్న ఆరు నెలల్లో నాకు గట్టి పేరు వచ్చింది. 'ఆ పాపతో బేరానికి పోతే ఇంటికాడ చెప్పి పోవల్ల' అని బజారులో అనుకునేవాళ్లట. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. నాయన నన్ను చిన్నప్పటి నుంచీ చిన్నసెట్టి అని పిలిచేవాడు, ఆ పేరు నిలబెడుతున్నాననే అనుకున్నాను.

శ్రావణంలో సంవత్సరీకం వచ్చింది. మా పెదనాయన కొడుకు చేతుల మీదుగా అన్నీ జరిగాయి. మరుసటి రోజు పొద్దున అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, "రేపు నీళ్లకాడికి పోదాం మే" అంది.

"ఎందుకు?"

"మీ నాయన పట్ట ఉండాది కదా. దాంతో అవతలి గట్టుకు పోవల్ల. తెడ్డు ముట్టకుండా. ఒక్కసారి."

సంవత్సరీకానికి వచ్చిన అక్క ఆశ్చర్యపోయింది. "నీకు నీళ్లంటే భయం కదమ్మా?"

"భయమే. ఆయన ఉన్నప్పుడు ఆయన మీద కోపంలో భయం తెలీలేదు."

ఆ ఏడాది మొత్తంలో అమ్మ నన్ను అడిగింది ఇదొక్కటే. అడిగింది చేసిపెట్టే బాధ్యత నాది. చిన్నసెట్టిని కదా, చవకగా చేసిపెట్టే బాధ్యత కూడా నాదే అనుకున్నాను. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

గట్టున సగం తాత అమ్మను చూసి తలగుడ్డ తీశాడు. తర్వాత నేను బాడుగ సంగతి ఎత్తాను. పడవ, తెడ్లు, తను, తెడ్డు వేయడానికి ఇంకో మనిషి, అన్నీ కలిపి ఒక మాట చెప్పాడు. న్యాయమైన మాటే. న్యాయమైన మాటకు వెంటనే ఒప్పుకోవడం మా బజారులో అలవాటు లేదు.

"తాతా, మేం గాలితో పోతాం. తెడ్లతో పనేముండాది? పనిలేని వస్తువుకు బాడుగ ఎట్ల అడుగుతావు?"

"తెడ్లకు బాడుగ యాడుంటాది పాపా? పడవతో పాటు ఉంటాయవి."

"అట్లయితే తీసెయ్. తీసేస్తే ఎంత తగ్గిస్తావో చెప్పు."

తాత నా వైపు అదోలా చూశాడు. "మీ నాయన ఎప్పుడూ ఇట్ల అడగలేదు."

"మా నాయన ఎప్పుడన్నా అవతలికి పోయినాడా?"

తాత రెండు తెడ్లూ భుజాన వేసుకుపోయి తన గుడిసె గోడకు నిలబెట్టి వచ్చాడు. రెండో మనిషి విషయంలో ఇంకా తేలిక. తెడ్డు లేకపోతే ఆయన తెడ్డు వేసే మనిషి కాదు, ఒట్టి ప్రయాణికుడు; ప్రయాణికుడైతే ఆయనే మనకు ఎదురు బాడుగ ఇవ్వాలి అన్నాను. ఆ మనిషి తనంతట తనే దిగిపోయాడు. బాడుగ సగానికి సగం తగ్గింది. నాయన వదిలిపోయిన ఆ తాడుతోనే తెరచాపను నీలగిరి వాసానికి బిగించి, 'చూశావా నాయనా' అని మనసులో అనుకున్నాను.

పడమటి గాలి బ్రహ్మాండంగా ఉంది. తెరచాప పొట్ట ఉబ్బించుకుని, 'బేరము ఆడరాదు' అని అవతలి గట్టుకు చూపిస్తూ బయలుదేరింది. అమ్మ మడతపెట్టిన గోనెసంచి మీద కూర్చుని, ఒక చేత్తో పడవ అంచునూ ఇంకో చేత్తో చిత్రాన్నం టిఫినునూ పట్టుకుంది. గంటసేపు బాగా పోయాం. "యాడికొచ్చినాం తాతా?" అంది అక్క, అలవాటు కొద్దీ.

"సగానికొచ్చినాం" అన్నాడు తాత.

గాలి పడిపోయింది. పాత ఒప్పందమేదో ఉన్నట్టు, అదే చోట. తాత చెయ్యి దానంతటదే వెనక్కి పోయి ఒట్టి చెక్కను తడిమింది. తడిమిన చెయ్యిని ఆయన కాసేపు చూసుకుని, తర్వాత నన్ను చూశాడు. అక్క నన్ను చూసింది. నేను నీళ్లు చూశాను. చాలా లోతుగా ఉన్నాయి.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. తెరచాప ముడతలు పడి, 'రాదు' అన్న రెండక్షరాలు మాత్రం కనపడేట్టు వేలాడింది. అక్క దగ్గర కొత్తగా కొన్న సెల్‌ఫోను ఉండేది. దాన్ని తలపైకెత్తి, హారతి ఇచ్చినట్టు నాలుగు దిక్కులకూ తిప్పింది, ఒక్క గీత కూడా రాలేదు. "నీ బేరం పుణ్యాన నడినీళ్లలో వనభోజనం" అంటూ చిత్రాన్నం పెట్టింది. తిన్నాం. తాత కూడా తిని, ఉప్పు సరిపోయిందని మెచ్చుకున్నాడు.

అప్పుడు అమ్మ మొదలుపెట్టింది, ఎవరి వైపూ చూడకుండా. "ప్రతిసారీ ఈడికొచ్చినాక నేనే అంటాంటి, 'ఎండ ముదురుతాండాది, పిల్లోళ్లకు ఆకలయితాండాది, తెడ్డెయ్యప్పా' అని. తాత సగమని ఊరికే తెడ్డు తీసేటోడు కాదు, నా మొగం సూసి తీసేటోడు."

తాత తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"ఆయన మొగం సిన్నబోయేది. మళ్ల ఆయనే 'ఇది లెక్కకు రాదులే' అని నగేటోడు. ఒక్కనాడన్నా నేను 'ఉండండి, ఇంగో గంట సూద్దాం' అనుంటే ఏం పోయుండు?"

నేనూ అక్కా అన్నేళ్లూ గాలినే తిట్టుకున్నాం.

సరిగ్గా ఆ సమయానికి చేపల పెట్టెలేసుకుని ఒక మోటారు పడవ వచ్చింది. నడిపేవాడు వేగం తగ్గించి, తెరచాపనూ మమ్మల్నీ పరిశీలనగా చూశాడు. "ఏమప్పా, నిలబడిపోతిరే! తాడేస్తా, కట్టుకోండి" అని తన రేటు చెప్పాడు. రేటు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దుటి నుంచి చేతకానిదాన్నై కూర్చున్నాను. ఇది నాకు తెలిసిన పని.

"తాడు సూపించన్నా" అన్నాను. చూపించాడు. "ఇదేం తాడన్నా? నాసిరకం. నడినీళ్లలో తెగిందనుకో, మాదేముండాది, నీ పేరు పోతాది. మా అంగడికి రా, మేం కొన్నదానికే మంచి తాడు ఇస్తా. దాని ముందర ఈ బాడుగ ఒక లెక్కా?" అక్కడ పట్టుకున్నదాన్ని వదల్లేదు. తాడు పురి గురించి చెప్పాను, డీజిలు ఎట్లాగూ అటే కాలుతుంది కదా అన్నాను, ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన అన్నాను. (నన్ను ఆడవాళ్లలో కలపలేదు, బేరంలో నేను అవతలి పక్షం.) చివరికి అతను రెండు చేతులూ జోడించాడు. "నీకు దండం పెడతా పాపా. ఉత్తదే లాక్కపోతా. నోరు మూసుకోని కూచో."

ఉత్తదే! మా వంశంలో ఇంతకు మించిన బేరం కుదిరినట్టు నేను వినలేదు. గర్వంగా అమ్మ వైపు తిరిగాను.

"వద్దు" అంది అమ్మ.

"అమ్మా, ఉత్తదేనమ్మా."

"ఉత్తదైనా వద్దు. ఆ పైన మీ తాత ఏం రాయించినాడో సదువుకో."

చదువుకున్నాను. మోటారాయన కూడా తలెత్తి చదివి, "రాసుకునేది మీరే, ఆడేది మీరే" అని గొణుక్కుంటూ పోయాడు. ఆ మోటారు చప్పుడు దూరమయ్యేకొద్దీ నా జీవితంలోని అత్యుత్తమ బేరం నీళ్ల మీద చిన్నదైపోవడం చూశాను. అమ్మ మాత్రం గోనెసంచిని సర్దుకుని, "ఇంగో గంట సూద్దాం" అంది.

గంట కాదు, రెండున్నర గంటలు చూశాం. అక్క రాజంపేటను తలుచుకుని ఒకసారి ఏడ్చింది. ఎండ వాలుతుండగా ముందు నీళ్ల మీద గరుకు లేచింది, తర్వాత నా చెవి చల్లబడింది, ఆ తర్వాత తెరచాప ముడత ఒకటొకటే విప్పుకుంది. 'రాదు', 'ఆడరాదు', 'బేరము ఆడరాదు'. తాత లేచి నిలబడ్డాడు. అమ్మ పడవ అంచు పట్టుకున్న చెయ్యి వదిలేసింది, ఎందుకో. కొంచెం దూరం పోయాక అక్క కళ్లు తుడుచుకుని, "యాడికొచ్చినాం తాతా?" అని అడిగింది.

"తెలీదు పాపా" అన్నాడు సగం తాత. "గాలితో ఇంత దూరం నేనెప్పుడూ రాలేదు."

మేం దిగాల్సిన రేవు ఎక్కడో పడమటన ఉండిపోయింది. గాలి మమ్మల్ని తనకు నచ్చినచోట, బురదలో, ముళ్లచెట్ల మధ్యన దించింది. అక్కడ మేకలు కాసుకునే ఆమె తెరచాప మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, "ఏమమ్ముతాండారు?" అని అడిగింది. నేను ఆలోచించకుండానే "తాళ్లు, పట్టలు" అన్నాను. అమ్మ మోకాలి లోతు బురదలోకి దిగి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని గట్టెక్కింది. వెనక్కి తిరిగి తెరచాపను చూసి, పక్కన మనిషితో చెప్పినట్టు, మెల్లగా అంది.

"ఇది లెక్కకొచ్చింది."

తిరుగు ప్రయాణం సంగతి దాచాలనే ఉంది. ఎదురుగాలి కాబట్టి పడవ మా గట్టుకు తిరిగి రాదు, తెడ్లేమో ఆ గట్టునే తాత గుడిసె గోడకు ఉన్నాయి. తాత అక్కడి చేపలవాళ్ల దగ్గర తెడ్లు బాడుగకు తీసుకుని మరుసటి రోజు తిరిగొచ్చాడు. ఆ బాడుగ, మేం ముగ్గురం మూడు బస్సులు మారి కర్నూలు మీదుగా చుట్టుకుని రావడానికైన చార్జీలు, అన్నీ నేనే కట్టాను. బస్సు కండక్టరుతో బేరం కుదరదని కూడా ఆ రోజే తెలిసింది.

అమ్మ మళ్లీ నీళ్లకాడికి పోదామనలేదు. తెరచాపను ఉతికి ఆరేసి, దాని పాత జాగాలో, అంగడి ముందు ఎండకు కట్టమంది. కట్టాను. కొత్తగా వచ్చేవాళ్లు అంచులకు ఆ దబ్బనం కుట్లేమిటని అడుగుతారు. ధర తగ్గించమనేవాళ్లకు పైకి చూపిస్తాను, తర్వాత తగ్గిస్తాను; వయసుతో పాటు నేను కొంచెం మెత్తబడ్డానని బజారులో అంటారు, నేను ఒప్పుకోను. మధ్యాహ్నాలు గిరాకీ ఉండదు. అట్లాంటప్పుడు ఒక్కోసారి పడమటి గాలి లేచి పరదా పొట్ట ఉబ్బిస్తుంది, తాళ్లు కిర్రుమంటాయి, గోనెసంచులతో సహా అంగడంతా బజారు వదిలి కదిలినట్టే ఉంటుంది. లోపల చాప మీద పడుకున్న అమ్మ కళ్లు తెరవకుండానే అడుగుతుంది.

"యాడికొచ్చినామే?"

"సగానికొచ్చినాంమా" అంటాను, తెడ్లు తీయడానికి తొందరేమీ లేనట్టు.