ఏసోబు గొంతు రిపేరు

2024 వేసవి. మిరప కోతలు ఆఖరుకొచ్చాయి. పర్చూరు రోడ్డు మీద టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, ఎత్తిన లారీలు ఒకదాని వెనక ఒకటి గుంటూరు వైపు పోతున్నాయి. ఆ రోజుల్లో నా దుకాణానికి వచ్చే ఫోన్లలో సగానికి ఒకటే జబ్బు, స్పీకర్ మెష్. శబ్దం బయటికొచ్చే చోట ఉండే సన్నటి జల్లెడను మెష్ అంటారు. కారం దుమ్మూ పత్తి నూగూ అందులో కూరుకుపోతే ఫోను గొంతు జీరపోతుంది. మెత్తటి బ్రష్షుతో తోమితే తేరుకుంటుంది. తుమ్ముకుంటూ చేసే పని.

నేను రేడియోలతో మొదలుపెట్టినవాణ్ణి. బడి చదువు ఐదో తరగతితో సరి. మిగతాదంతా రేడియోల వెనక అట్ట మీద అంటించిన సర్క్యూట్ బొమ్మలు చూసి నేర్చుకున్నదే. రేడియో పోయి టేప్ రికార్డర్ వచ్చింది, అది పోయి టీవీ, ఇప్పుడు సెల్లు. వస్తువు మారినప్పుడల్లా ఎవడో ఒకడు వచ్చి ఇక నీ పని అయిపోయింది తాతా అంటాడు. అలా అన్నవాళ్ల ఫోన్లు కూడా నా బల్ల మీదికే వస్తుంటాయి.

ఒక పొద్దున సువార్తమ్మ వచ్చింది. మేస్త్రి ఏసోబు భార్య. కోతలకు కలిసి వెళ్లే ఆడకూలీల జట్టును మా వైపు ముఠా అంటారు. ఏ రైతు చేలో పనో మాట్లాడి, ముఠాను ఆటో ఎక్కించి తీసుకెళ్లేవాడు మేస్త్రి. ఏసోబు అంతకుముందు ఏడాది కాయలు ఆరబోసిన కల్లంలో, రంగు పోయిన తాలుకాయలు ఏరిస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆ గందరగోళంలో ఆయన ఫోను కూడా ఎటో పోయింది.

"బాబాయి గారూ, స్పీకరు పోయినట్టుంది. మా ఆయన గొంతు తేడాగా వస్తంది" అంటూ సువార్తమ్మ తన ఫోను బల్ల మీద పెట్టింది.

పాత మెసేజీలేవో వింటోంది కాబోలనుకున్నాను. మెష్ తోమాను. పాట పెట్టి చూస్తే నిక్షేపంగా పలికింది. ఏదీ, ఆయన గొంతు వినిపించమన్నాను. ఆమె ఏదో యాప్ తెరిచింది. ఏసోబు ఫొటో, దాని కింద ఒక గుండ్రటి బొత్తాం. నొక్కింది.

"సువార్తా, ధైర్యంగా ఉండు. నేను ఎక్కడికీ వెళ్లలేదు. నీ గుండెలోనే ఉన్నాను."

ఏసోబే. నా దుకాణం మెట్టు మీద కూర్చుని రోడ్డవతల వాడితో కేకలేస్తూ మాట్లాడేవాడు, ఆ గరుకు గొంతే. స్పీకరులో తేడా ఏమీ లేదమ్మా అన్నాను.

"పేరు పెట్టి పిలుస్తన్నాడు గదండీ" అంది. "పెళ్లయిన కాడ్నించీ ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి ఎరగడు. ఏమే అనేవోడు. కోపమొస్తే ఒసేయ్. ఇట్టా పరాయోడు పిలిచినట్టు పిలిస్తే నాకు నోరు రాటల్లా. ఆ ఏమే వచ్చేటట్టు చెయ్యండి."

అప్పుడు అడిగితే సంగతంతా బయటికొచ్చింది. ఆమె అన్న కొడుకు ప్రభుదాసు ముఠాకు ఆటో తోలతాడు. మంచివాడు. మేనత్త అన్నం సరిగా తినడం లేదని, మనుషుల్లోకి రావడం లేదని చూసి, దుఃఖం తీర్చే యాప్‌లు ఉంటాయని ఎవరో చెబితే ముందు ఒకటి ఎక్కించాడు. అది రోజూ ఒక గీత చూపించి, ఇవాళ మీ బాధ ఎంతుందో వేలితో జరిపి చూపండి అంటుంది. బాధేమన్నా వాల్యూమ్ నాబా, తిప్పి చూపించడానికి? తర్వాత కళ్లు మూసుకుని గాలి పీల్చమంటుంది. ఎండలో మిరప చేలో వంగి రోజంతా ఆ ఘాటు పీల్చిన మనిషికి గాలి పీల్చడం నేర్పుతోంది. ఆమె ఆ గీతను ఎప్పుడూ ఒకే చోట ఉంచేదట. తక్కువ వైపు జరిపితే ఆయన్ని మర్చిపోయినట్టు, ఎక్కువ వైపు జరిపితే ప్రభుదాసు బెంగపడతాడని.

అది పనిచేయలేదని ప్రభుదాసు ఈ రెండోది తెచ్చాడు. పోయినవాళ్ల గొంతు కొంచెం ఇస్తే చాలు, కొత్త మాటలు కూడా ఆ గొంతుతోనే పలికిస్తుంది. ఆ ఆదివారం ఏసోబు జ్ఞాపకార్థ కూడిక. ఇంటి ముందు షామియానా వేసి, పాస్టరు గారు వాక్యం చెప్పాక, ఆ గొంతును అందరికీ వినిపిస్తానని ప్రభుదాసు అంటున్నాడు. స్పీకరు పెట్టె కూడా నా దగ్గరే అద్దెకు మాట్లాడుకుపోయాడు.

"అందరి ముందూ ఆ గొంతు నన్ను పేరుతో పిలిస్తే, నేను ఆయనకి ఏమీ కాని దాన్నయిపోతా" అంది సువార్తమ్మ.

ఆయన మెసేజీ నీ దగ్గర ఒక్కటి కూడా లేదా అని అడిగాను. ఒకే ఇంట్లో ఉండేదానికి మెసేజీ ఎందుకు పెడతాడు అంది. ఏసోబు తెల్లారగట్ల ముఠా గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. ఎవరి చేను, ఆటో ఎక్కడ ఆగుద్ది, ఏం తెచ్చుకోవాలి. ఈమె అప్పటికి ఆ గ్రూపులో లేదు. పక్కనే పొయ్యి దగ్గర ఉండేది.

"ముఠాలో అందరి ఫోన్లలోనూ ఆయన గొంతుంది. నాకే లేదు" అంది.

నా మాటా ఒకటి చెప్పాలి. మా ఇంటావిడ పోయి చాలా ఏళ్లయింది. నా దుకాణంలో టేపులు గుట్టలుగా ఉన్నాయి. ఆవిడ గొంతు ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే సువార్తమ్మను బల్ల పక్కన కూర్చోబెట్టాను. ప్రభుదాసుకు ఫోను చేసి రమ్మన్నాను.

వచ్చీ రాగానే తప్పు పట్టడానికి పిలిచాననుకుని బిగుసుకుపోయాడు. మామ గొంతు వింటే అత్త రెండు ముద్దలు తింటుందని చేశానన్నాడు. యాప్‌కు గొంతు ఎలా ఇచ్చావురా అని అడిగాను. గ్రూపులో మెసేజీలు తీసి ఇచ్చానని, శుభ్రమైన గొంతు కావాలని అది అడిగితే ట్రిమ్ చేసి ఇచ్చానని చెప్పాడు. ట్రిమ్ అంటే రికార్డింగులో అక్కర్లేని ముక్క కోసెయ్యడం. ఏం కోశావు అన్నాను.

"చివర్లో అంతా చెత్త, తాతా. మామ బొటనవేలు మొద్దు గదా, మాట అయిపోయినా బొత్తాం మీద నుంచి తీసేవాడు కాదు. గిన్నెల చప్పుడూ, కోళ్లూ. ముఠాలో ఎవరూ అక్కడిదాకా వినరు. చేను పేరు చెప్పగానే ఆపేసి పరిగెత్తుతారు."

కొయ్యనివి ఇంకా ఉన్నాయా అంటే, గ్రూపులోనే ఉన్నాయని ఫోను తీశాడు. ఒకటి పెట్టాడు.

"ఒరేయ్ పెబుదాసూ, ఆటో సావిడి కాడ ఆపు. అమ్మాయిలూ, ఇయ్యాల కాలవ పక్క చేను. మొహానికి గుడ్డలు తెచ్చుకోండి, కాయ మా ఘాటుగా ఉంది."

విషయం అయిపోయింది. అలవాటు కొద్దీ ఆపడానికి నా వేలు ముందుకు పోయింది. సువార్తమ్మ నా మణికట్టు పట్టేసుకుంది.

"ఆపొద్దు."

గ్లాసు చప్పుడు. పొయ్యిలో పుల్ల చిటపట. తర్వాత, దూరంగా, గొంతు తగ్గించి:

"ఏమే. ఇందులో పంచదార ఏదే?"

"నీకు షుగరు. నోరు మూసుకుని తాగు." ఇది సువార్తమ్మ గొంతు.

"ఒక్క చెంచా వెయ్యవే. చచ్చిపోతానా ఏంది?"

"చస్తే చావు. ఆటో వచ్చింది, పో."

ఆయన నవ్వు సగంలో ఉండగా మెసేజీ అయిపోయింది.

దుకాణంలో ముగ్గురం ఉన్నాం. ప్రభుదాసు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "మళ్లీ పెట్టు" అంది. మళ్లీ విని, "ఏయ్యా, ఏసుకో ఓ చెంచా" అని ఫోనుతో అంది.

ఆ రోజు పొద్దెక్కేదాకా మెసేజీల చివర్లన్నీ విన్నాం. చాలావాటిలో ఏమీ లేదు, కోడి, తలుపు, దగ్గు. కొన్నిట్లో ఉంది. ఏమే, తువ్వాలేదీ. ఏమే, వానొచ్చేటట్టుంది, పుల్లలు లోపలెయ్యి. అన్నిటినీ ఆమె ఫోనులోకి ఎక్కించాను. ఆ యాప్ తీసెయ్యమంటావా అత్తా అని ప్రభుదాసు అడిగితే, ఉండనీరా, అందులో ఫొటో బాగుంది అంది.

కూడికలో ఏది వెయ్యాలనే దగ్గర పేచీ వచ్చింది. పాస్టరు గారి ముందు చస్తే చావు అనే మాట ఎట్టా వేస్తాం అని ప్రభుదాసు గొడవ. వెయ్యమంది ఆమె. ఆదివారం నా పెట్టెలోంచి ఏసోబు కాలవ పక్క చేనుకు రమ్మని ముఠాను పిలిచాడు. రోజూ ఆ మాట దగ్గర ఆపేసి పరిగెత్తిన ఆడవాళ్లంతా ఆ పూట చివరిదాకా కూర్చున్నారు. పంచదార మాట దగ్గర ఒకామె పకాలున నవ్వింది, ఆ వెంటనే ఆమే బావురుమంది. పాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

రికార్డింగు శుభ్రం చెయ్యడాన్ని మా పనిలో నాయిస్ తీసెయ్యడం అంటారు. టేపుల కాలం నుంచీ నేను చేస్తున్న పనే. ఏది నాయిసో తేల్చాల్సింది పనివాడూ కాదు, యాప్ కూడా కాదు, ఆ గొంతు కోసం వచ్చిన మనిషే తేల్చాలని ఈ కేసు నేర్పింది. ఇప్పుడు ఎవరన్నా పోయినవాళ్ల గొంతు తెచ్చి బాగుచెయ్యమంటే, ముందు వాళ్లను కూర్చోబెట్టి చివరిదాకా వినిపిస్తాను. తర్వాతే చెయ్యి పెడతాను.

తర్వాతి కోతలకు ముఠాకు సువార్తమ్మే మేస్త్రి అయింది. ఒక రోజు మళ్లీ ఫోను తెచ్చింది. మైకులో ఏదో లోపముందని, తన మెసేజీల చివర ఉత్తి ఖాళీ వస్తోందని ఇప్పుడు చివరిదాకా వింటున్న ముఠా వాళ్లు చూపించుకోమన్నారట. ఆ పొద్దున పెట్టిన మెసేజీ విన్నాను. ఎవరి చేనో చెప్పింది, గుడ్డలు తెచ్చుకోమంది. మాట అయిపోయింది గాని వేలు తియ్యలేదు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. పొయ్యి చిటపట. ఒక మనిషి ఒక మాట అనడానికి సరిపోయేంత ఖాళీ.

మైకు బాగానే ఉందని చెప్పి ఫోను ఇచ్చేశాను.