గో అండ్ కమ్

చూడ్డానికి వచ్చేవాళ్ళకు జార్జియాలోని సవన్నా రెండు రోజుల ఊరు. రాళ్ళు పరిచిన వీధులు, పాత మేడలు, ఓక్ చెట్లకు వేలాడే బూడిదరంగు నాచు, నది ఒడ్డున ఐస్‌క్రీం, ఫోటోలు, అంతే! నార్త్ కరొలినాలోని క్యారీ నుంచి అక్క మణి కుటుంబం దిగినప్పుడల్లా అవన్నీ తిప్పి చూపించే పని ప్రిస్సిల్లాదే. అక్కడ కాపురముండటం వేరే సంగతి. చెమ్మకు ఉప్పు ముద్దయిపోతుంది. సందులో టూరిస్టుల గుర్రపుబండి అడ్డం నిలబడితే డ్యూటీకి లేటు. నరసాపురంలో పుట్టిన మనిషి గనక ఉక్కపోతకు మాత్రం బెదరలేదు.

ఆమెది హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం, ఓ పాత ఇంట్లో పై వాటా. భర్త అబ్రహాం చనిపోయాక ఆ ఊళ్ళో ఆమెకు దగ్గరి మనిషంటూ ఉంటే పక్కింటి మిస్ లొరెట్టాయే. ఎనభై దాటిన నల్లజాతి పెద్దావిడ. పొద్దస్తమానం వరండా కుర్చీలోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే ఆవిడకు చెయ్యి ఊపి, "ఐ విల్ గో అండ్ కమ్, మిస్ లొరెట్టా!" అనేది ప్రిస్సిల్లా. మరి మనవాళ్ళెవరైనా గడప దాటుతూ "పోతున్నా" అంటారా? ఆ అలవాటే ఇంగ్లీషులోకీ దొర్లుకొచ్చింది.

పాపం, లొరెట్టా దాన్ని అక్షరాలా నమ్మేసింది! సాయంత్రం కారు చప్పుడు వినపడేదాకా కుర్చీ వదిలేది కాదు. "వస్తానన్నావు, వచ్చావో లేదో చూసుకోవద్దూ?" అనేది. ప్రిస్సిల్లా నవ్వుకుందే గానీ ఆ మాట మార్చలేదు. ఇంటికొచ్చేసరికి ఎదురుచూసే మనిషి ఉండటం ఎవరికి చేదు?

ఈ సెప్టెంబరులో తుఫాను వస్తోందని ఊరు ఖాళీ చెయ్యమన్నారు.

"ఇంకా ఎవరున్నారనే నీకక్కడ? ఇక్కడ మేమున్నాం, తెలుగు చర్చి ఉంది. ముఖ్యమైనవన్నీ కార్‌లో వేసుకుని వచ్చెయ్. మళ్ళీ వెళ్ళేది లేదు," అని మణి ఫోన్లో చెవినిల్లు కట్టుకుని పోరింది.

ప్రిస్సిల్లా సరేనంది. బైబిలు, పెళ్ళి ఆల్బం, చీరలు, బొంతలు, ప్రెషర్ కుక్కర్‌తో సహా కారు నిండిపోయింది. ఇక రానని లొరెట్టాతో చెప్పడానికి మనసొప్పలేదు. ఎప్పట్లాగే "గో అండ్ కమ్" అనేసి బయల్దేరింది. ఆవిణ్ణి ఆవిడ మేనల్లుడు తీసుకెళ్తాడులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సౌత్ కరొలినాలో ఆగి కారుకు పెట్రోలు పోసుకుంటుంటే ఆ మేనల్లుడే ఫోన్ చేశాడు.

"ఆంటీ కుర్చీలోంచి లేవనంటోందండీ! మీరు వస్తానన్నారట, వచ్చి తను లేకపోతే కంగారుపడతారట. మీరు రారని ఒక్క ముక్క చెప్పండి చాలు, కారెక్కించేస్తాను. స్పీకర్‌లో పెడుతున్నా."

అవతల ముసలావిడ ఊపిరి వినిపిస్తోంది. రానని చెప్పడం ఎంత పని? అబద్ధం కూడా కాదాయె. కానీ ప్రిస్సిల్లా బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అది. తీరా ఇప్పుడదే నిజం. ఆ నిజాన్ని దాచి పొద్దున నవ్వుతూ చెయ్యి ఊపినందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

"వస్తున్నా, మిస్ లొరెట్టా," అంది.

ఊళ్ళోంచి వచ్చే దారి కార్లతో కిటకిటలాడుతోంది. ఊళ్ళోకి వెళ్ళే దారి బోసిగా ఉంది. వెనక్కి వెళ్తున్నానన్న మెసేజ్ చూసి మధ్యలో మణి ఫోన్ చేసి, "మతి గానీ పోయిందా నీకు?" అని అరిచింది. ప్రిస్సిల్లా ఫోన్ పెట్టేసి స్పీడు పెంచింది.

గాలి అప్పటికే మొదలైంది. లొరెట్టా టోపీ పెట్టుకుని, ఒళ్ళో సంచీతో సిద్ధంగా ఉంది. "చెప్పానా, వస్తుందని!" అని మేనల్లుడి మీద ఎగిరింది. "నీ పిల్లలతో ఇరుక్కుని నేను కూర్చోలేను. ఈ అమ్మాయితోనే వెళ్తా."

తీరా తలుపు తీస్తే సీట్లో బొంతలు, వాటి మీద కుక్కర్. ముసలావిడ దాన్నీ, ప్రిస్సిల్లా ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"రెండు రోజుల తుఫానుకు కుక్కర్ ఎందుకు తల్లీ?"

ప్రిస్సిల్లా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బొంతలూ కుక్కరూ ఎత్తుకుని మెట్లెక్కింది. కుక్కర్‌ను పొయ్యి మీద దాని చోట పెట్టింది. తాళం వేసి, తలుపు మీద చెయ్యి ఆనించి, "వెళ్ళొస్తా," అంది పైకే.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" కింద కారులోంచి లొరెట్టా కేకేసింది.

"మా ఇంటితో!"