ఆ దొర రాళ్ళు విడిచిపెట్టలేదు

ఇన్నేళ్ళుగా నా మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను మెల్లగా అడిగాను, గట్టిగా అడిగాను, ఆరాధన అయిపోయాక గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి అడిగాను. జవాబుగా దొరికినవి చిరునవ్వులు, భుజం మీద చెయ్యి, "దేవుడు చూసుకుంటాడు బ్రదర్" అనే మాట. ఇది దేవుడు చూసుకోవలసిన సంగతి కాదు. ఒక మనిషి బతుకును మార్చి చెప్పినవాళ్ళు చూసుకోవలసిన సంగతి. అందుకే ఇక్కడ, అందరూ చదివేచోట రాస్తున్నాను.

బహ్రెయిన్ వెళ్ళకముందు నేను గోదావరి ఒడ్డున, బొగ్గు గనుల ఊళ్ళో, మిషన్ బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఆ బడి పెట్టింది పందొమ్మిదో శతాబ్దంలో చలిదేశం నుంచి వచ్చిన ఒక దొర. బైబిల్ వాక్యం చెప్పడానికి వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు, ఎడ్లబండిలో ఊరూరా తిరిగాడు. తిరుగుతూ పాముల్నీ పిట్టల్నీ నత్తల్నీ చూసి రాసుకునేవాడు, ఆయన భార్య బొమ్మలు గీసేది. ఒకచోట బావి తవ్వుతుంటే పైకి వచ్చిన రాతిపలకలో ఆకు అచ్చు కనిపించింది. మా గుట్టల మీద పెరగని ఆకు. ఆ రోజు నుంచి ఆయన చేతిలో సుత్తి ఉండేది. జనం రాళ్ళ దొర అన్నారు.

ఆ ఆకుల బొమ్మలు సముద్రం దాటి పెద్ద పండితుల దగ్గరికి వెళ్ళాయి. ఈ రాతి వయసెంత అని వాళ్ళు వాదించుకున్నారు. దొర కొన్నిచోట్ల సరిగ్గా చెప్పాడు, కొన్నిచోట్ల తప్పు చెప్పాడు, తప్పని తేలినచోట ఒప్పుకున్నాడు. ఆయనను పంపిన మిషన్‌వాళ్ళకు మాత్రం ఇదంతా నచ్చలేదు. సువార్త పనికి పంపితే రాళ్ళు కొట్టుకుంటున్నావేమని కోప్పడ్డారు. ఆయన మానలేదు. పొద్దున బడి, ఎండ తగ్గాక గుట్ట, ఆదివారం వాక్యం. బొగ్గు పొర బయటపడిన ఒక వాగు దగ్గర గుడారంలో జ్వరంతో పోయాడు. చివరిదాకా రెండు పనులూ చేశాడు.

ఆయన ఏరిన రాళ్ళలో కొన్ని మా బడిలో అద్దాల బీరువాలో ఉండేవి. ఆకు అచ్చులు, చేప పొలుసులు, రాయిగా మారిన కర్రముక్క. వాటి దుమ్ము తుడిచింది నేను. హెడ్‌మాస్టరు ఒక్కసారి కూడా ఆ బీరువా వైపు చూడలేదు, అదీ నాకు గుర్తే.

బడి మూతపడింది. మావైపు ఏ గల్ఫ్ దేశానికి పోయినా దుబాయి పోయాడనే అంటారు. అలా నేను పోయిన దుబాయి బహ్రెయిన్. సఖీర్‌లో రేసు కార్ల ట్రాక్ కడుతున్న రోజులు. ఒక కంపెనీలో స్టోర్ కీపర్‌గా ఉన్నాను. తవ్విన గుట్టల్లో సున్నపురాయి దొరికేది, విరగ్గొడితే లోపల గుండ్రటి బిళ్ళల్లాంటి చిన్న గవ్వలు. ఒకప్పుడు అక్కడంతా సముద్రం. నేను ఒకటి రెండు క్యాంపుకు తెచ్చుకునేవాణ్ణి. నా రూములో జగిత్యాలవైపు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. దొర కథ చెబితే మంచం మీద పడుకునే విన్నాడు.

"అంటే సారూ, మీ దొర బతుకంత రాళ్ళేరిండు, గంతేనా?"

"అంతేనా ఏంది, పెద్ద పని గది."

"మేం గూడ పొద్దంత గదే ఏరుతున్నం గద. మా మీద ఎవ్వలు బుక్కు రాస్తలేరేంది మరి? మనకు వీసా ఇచ్చిన కఫీల్‌కు జెప్పి రాయించరాదు."

ఎగతాళి చేశాడు కానీ ఆయన కథను మార్చలేదు. ఆ మాత్రం మర్యాద ఆయనకుంది.

మా తెలుగు క్రైస్తవ సహవాసం శుక్రవారం కూడేది, ఎందుకంటే అక్కడ సెలవు ఆ రోజే. నేనూ విశ్వాసినే, ఒక్క శుక్రవారం కూడా మానలేదు. అయినా నాకు దక్కిన గౌరవం ఏమిటంటే, మొదటి క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం ఇస్తామని చెప్పి, ఆ పూట కార్లు పెట్టించే పనిలో నిలబెట్టారు.

ఆ ఏడు వార్షిక కూడికకు తెలుగునేలకు సేవ చేసిన ఒక మిషనరీ జీవితం చెప్పాలనుకున్నారు. నేను మా దొర గురించి చెప్పాను. సంఘపెద్ద ఒకాయన, కోస్తావైపు మనిషి, మంచి ఉద్యోగం, మంచి గొంతు, చాలా సంతోషించాడు. జిదాఫ్స్‌లో వాళ్ళ ఫ్లాటుకు పిలిచి, టీ ఇచ్చి, కథంతా నాచేత చెప్పించుకున్నాడు. నేను చెబుతాను వేదిక మీద అంటే నవ్వాడు.

"మీ యాస కొంచెం గట్టిగా ఉంటుంది కదండీ బ్రదర్. పిల్లలకి అర్థం కావాలి. మీరు చెప్పినట్టే చెబుతాను, మీకెందుకు."

ఒప్పుకున్నాను. కథ జనానికి చేరితే చాలనుకున్నాను.

ఇక్కడ మా సహవాసం అలవాటు ఒకటి చెప్పాలి. మాలో ఎవరు సాక్ష్యం, అంటే దేవుడు తనను ఎలా మార్చాడో, చెప్పినా దానికొక వరస ఉంటుంది. ముందు పాత జీవితం, తర్వాత పిలుపు, తర్వాత పాతదాన్ని విడిచిపెట్టడం. తాగుడు విడిచినవాడు తాగుడు సంగతి చెబుతాడు, పేకాట విడిచినవాడు పేకాట సంగతి. ఏమీ లేనివాడు సినిమాలు విడిచానని చెబుతాడు. విడిచింది ఏదో ఒకటి లేకపోతే అది సాక్ష్యమే కాదు. ఈ వరసలో మా దొరను కూడా కూర్చోబెడతారని నాకు తట్టలేదు.

కూడిక బుదైయాలో ఒక తోట విల్లాలో జరిగింది. చలికాలం, గాలి బాగా వీస్తోంది. పిల్లలకు చూపిద్దామని సఖీర్ రాయి ఒకటి తీసుకెళ్ళాను. అది నా చేతిలోంచి తీసుకుని కాగితం ప్లేట్లు ఎగిరిపోకుండా వాటి మీద పెట్టారు. సరేలే అనుకున్నాను.

పెద్దాయన మైకు ముందుకు వచ్చాడు. దొర పుట్టుక, ఓడ ప్రయాణం, ఎడ్లబండి అన్నీ బాగానే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"కానీ ఆయన్నొక వ్యామోహం పట్టుకుంది. రాళ్ళు. దేవుడి పని పక్కనపెట్టి రాళ్ళ వెంట తిరిగాడు. ఒకరోజు గోదావరి ఒడ్డున ప్రభువు ఆయనతో మాట్లాడాడు. సంచీలో రాళ్ళన్నీ నదిలో పారేసి, ఏడుస్తూ మోకరించాడు. ఆ తరవాత మళ్ళీ ఒక్క రాయి ముట్టుకోలేదు."

"ఆమెన్" అన్నారు అందరూ. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

నేను లేచి నిలబడ్డాను. "అది జరగలేదు. ఆ రాళ్ళు నేను చేత్తో తుడిచినవి" అన్నాను. నా మాట రెండో వరసకు చేరకముందే కీబోర్డు మోగింది, పాట ఎత్తుకున్నారు. ఇదీ మా అలవాటే. మధ్యలో ఎవరైనా లేస్తే పాట పాడతారు. పాట అయ్యేదాకా నిలబడే ఉన్నాను. అయ్యాక ప్రార్థన మొదలుపెట్టారు. అందులో పెద్దాయన, పేరు చెప్పకుండా, "మా మధ్య ఉన్న ఒక సహోదరుణ్ణి కూడా ఈ రాళ్ళ బంధకం నుంచి విడిపించు ప్రభువా" అన్నాడు. అందరి తలలూ వంగి ఉన్నాయి, అందరికీ అది నేనేనని తెలుసు.

భోజనాల దగ్గర పట్టుకున్నాను.

"నదిలో పారేసిండని నేను చెప్పిన్నా?"

"అదేంటి బ్రదర్, బిర్యానీ చల్లారిపోతోంది. తినండి ముందు."

"చెప్పిన్నా, చెప్పలేదా?"

"చెప్పలేదు. కానీ సాక్ష్యానికి ఒక మలుపుండాలి కదండీ. ఆయనేం విడిచిపెట్టాడని జనానికి చెప్పమంటారు?"

"ఏం విడిచిపెట్టలే. రెండూ చేసిండు."

"అలా చెబితే ఎవరికి ఉపయోగం చెప్పండి? రాళ్ళే కదా. మీరు మరీ ఇదైపోతున్నారు." పక్కనున్నాయన వైపు తిరిగి, "టీచర్లతో ఇదేనండీ, రిటైరైనా దిద్దడం మానరు" అన్నాడు. పక్కాయన నవ్వాడు. నేను రిటైరు కాలేదు. నా బడి మూతపడింది.

ఆ ప్రసంగాన్ని సీడీ చేశారు. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు తలా ఒకటి పట్టుకెళ్ళారు. నేను ఆపమన్నాను. మంచి సందేశం కదా అన్నారు. తర్వాత అడిగిన ప్రతిసారీ, ఇంకా అదే పట్టుకున్నావా అన్నారు. పట్టుకున్నాను. దాన్ని వదిలానని చెప్పి మీ సాక్ష్యాల వరసలో నిలబడను.

తర్వాత సెలవుకు మా ఊరు వెళ్ళాను. మూతపడిన బడి గదుల్ని చర్చివాళ్ళు వాడుకుంటున్నారు. బీరువా ఉంది. లోపల క్రికెట్ కప్పులున్నాయి. రాళ్ళేవని చర్చి పాస్టరు అయ్యగారిని అడిగాను. నాకన్నా బాగా చిన్నవాడు, మర్యాదగానే చెప్పాడు.

"అవా అంకుల్, కొత్త మెట్లు కట్టినప్పుడు పునాదిల ఏసినం."

"ఎందుకేసిండ్రు?"

"బహ్రెయిన్ నుంచి సీడీ వచ్చింది గద. దొరగారు తనకే వద్దని నదిల పారేసిండంట. ఆయన వద్దనుకున్నయి చర్చిల ఎందుకని కమిటీల అనుకున్నం. ఆయన మాట నిలబెట్టినట్టయితది గద."

ఆ అబ్బాయిని ఏమనగలను? నమ్మదగిన మనిషి మైకులో చెప్పాడని నమ్మాడు. ఆ మెట్ల మీద కాసేపు నిలబడ్డాను. సిమెంటు గట్టిగా ఉంది. ఆకు ఎక్కడుందో, చేప పొలుసు ఎక్కడుందో తెలియదు. దొర చివరిదాకా మోసిన రాళ్ళను మీ కథ పారేయించింది.

బహ్రెయిన్ తిరిగి వెళ్ళి పెద్దాయనకు ఇదంతా చెప్పాను. మెట్లకు పనికొచ్చాయి కదండీ, దేవుడి మందిరానికేగా అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరవను.

నేను తిరిగొచ్చేశాను. మీరు అక్కడే ఉన్నారని, ఆ సాక్ష్యం ఇంకా చెబుతున్నారని విన్నాను. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను, పెద్దాయనా. దొర ఆ రాళ్ళు గోదావరిలో ఏ రేవు దగ్గర పారేశాడు? చూసినవాళ్ళెవరు? మీకు చెప్పిందెవరు? ఎవరూ చెప్పకపోతే, ఆ మాట మీరే కల్పించారని అదే మైకు ముందు నిలబడి, కూడినవాళ్ళందరూ వినేలా చెప్పండి. మా ఊరి చర్చివాళ్ళకు కూడా చెప్పండి. ఈసారి మీరు నా భుజం మీద చెయ్యి వెయ్యలేరు, కీబోర్డు వాయించలేరు. ఇన్నాళ్ళూ తప్పించుకున్నారు. ఇప్పుడు జవాబు చెప్పండి.