తుడిచి పంపిన విమానం

మా ధనంజయకు వినయం లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను తప్పుపట్టరు. తిరుపతిలో కట్టుడు పళ్లు చేసే ల్యాబులు ఎన్ని ఉన్నా, డాక్టర్లు కష్టమైన నోళ్లన్నీ తన దగ్గరికే పంపుతారని అతని నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే. కొర్లగుంటలో ఒక మేడమీద గదిలో కూర్చుని ఇరవై ఆరేళ్లుగా పళ్లు చేస్తున్నాడు. కింద అంతస్తులో ఫ్లెక్సీల షాపు నాది కాబట్టి, ఆ ఇరవై ఆరేళ్లూ అతని గొప్పలు వినే భాగ్యం నాకు పట్టింది.

"నా చేతినుంచి పోయిన సెట్టు ఒక్కటి వెనక్కి రాలేదప్పా" అని వారానికి ఒకసారైనా అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. చిక్కేమిటంటే, వెళ్లి లెక్కపెడితే ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్లుంటాయి.

పళ్లు అతని వృత్తి, యుద్ధవిమానాలు అతని పిచ్చి. ఇవి పెట్టెల్లో ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి. రెక్క, తోక, చక్రం, కుర్చీ అన్నీ ఒక చట్రానికి అంటుకుని ఉంటాయి. ఒక్కొక్కటి కోసి, అంచు గీకి, అతికి, సందు కనబడకుండా పూడ్చి, రంగు వేస్తే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు విమానం తయారవుతుంది. పెట్టెలో వచ్చింది వచ్చినట్టు అతికిస్తే ధనంజయ దృష్టిలో అది తిరునాళ్లలో అమ్మే బొమ్మ. పైలట్ కుర్చీ బెల్టులు అతను టూత్‌పేస్టు ట్యూబు కోసి చేస్తాడు. చక్రాల గూట్లో కనిపించే గొట్టాలకు రేణిగుంట రోడ్డులో మోటార్లు చుట్టే షాపునుంచి రాగితీగ తెస్తాడు. ముక్కు దగ్గర పొడుచుకొచ్చే సన్నని గొట్టానికి పెట్టెలో ఇచ్చిన ప్లాస్టిక్ పుల్ల పారేసి ఇంజెక్షను సూది పెడతాడు. పళ్లకు మెరుపు తెచ్చే చక్రమే విమానాలకూ మెరుపు తెస్తుంది. అంతా అయ్యాక కింద చెక్కపీటకు అడుగున, ఎలుక మీసంలాంటి కుంచెతో తన పేరు రాసుకుంటాడు.

పేరు రాసే ముందు ఇంకో పని ఉంది. దాన్ని అతను 'వయసు పెట్టడం' అంటాడు. కొత్తగా మెరుస్తున్న విమానానికి పొగ మసి, నూనె చారలు, వానకు కారిన మరకలు, బూట్ల రాపిడి అన్నీ ఓపిగ్గా పెడతాడు. ఈ విద్య పళ్లనుంచే వచ్చింది. అరవై ఏళ్ల మనిషికి పాలలాంటి పళ్లు పెడితే నలుగురిలో దొరికిపోతాడు. అందుకని ధనంజయ ఒక పన్ను కొంచెం వంకర పెడతాడు, ఇంకోదానికి చిగురు దగ్గర టీ తాగిన పసుపు పెడతాడు. అవి పెట్టుకున్నవాళ్లను చూసి ఈ వయసులో కూడా సొంత పళ్లేనా అని జనం అడుగుతారు. మరక లేనిది నిజం కాదని అతని సిద్ధాంతం.

పోయిన ఏడాది వేసవిలో నగరి నుంచి సుబ్రమణ్యం అనే పెద్దాయన తన పళ్లసెట్టు విరిగిందని, డాక్టరు చీటీ కూడా లేకుండా నేరుగా ల్యాబుకే వచ్చాడు. వయసు డెబ్బై అయిదు. సెట్టు ధనంజయ చేసిందే, విరగ్గొట్టింది చెరుకుగడ. అతికేదాకా కూర్చోమంటే కూర్చోకుండా అద్దాల బీరువా ముందు నిలబడ్డాడు. అందులో పదకొండు విమానాలున్నాయి. ఆయన జేబులోంచి చిన్న టార్చి తీసి, ఒక్కొక్కదాని చక్రాల గూట్లోకి వేసి చూడసాగాడు. మామూలుగా వచ్చినవాళ్లు రెక్కలు చూస్తారు, ముక్కు చూస్తారు. గూట్లోకి తొంగిచూసిన మొదటి మనిషి ఈయనే. ధనంజయ చేతిలో పని ఆగిపోయింది.

"గొట్టాలు ఉండాల్సిన చోటే ఉండాయి" అన్నాడు సుబ్రమణ్యం నోట్లో పళ్లు లేకుండానే. "ఎవురు చెప్పినారు నీకు?"

"పుస్తకాలు, ఫొటోలు చూసి చేసినా మామా."

"నేను ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏండ్లు ఫిట్టరుగా చేసినా. ఒక మిగ్ నా చేతికింద ఉండె. నెంబరు చివర ముప్పై రెండు. అది నా చేతినుంచి పోయినప్పుడు ఎట్ల ఉండెనో అట్ల చేసిస్తావా?"

"మిగ్ అంటే నాకు కొట్టిన పిండి మామా" అన్నాడు ధనంజయ. ఇంకొకరైతే ఎట్ల ఉండె, ఏం కథ అని నాలుగు ప్రశ్నలు అడిగి ఉండేవారు. కొట్టిన పిండిలో అడగడానికి ఏముంటుంది.

పెద్దాయన వారానికల్లా ఒక నలుపు తెలుపు ఫొటో పంపాడు. సన్నమీసంతో ఒక పడుచువాడు రెక్క కింద నిలబడి ఉన్నాడు. సగం రెక్క, నెంబరు, అంతే. ఆ ఫొటోతో ధనంజయ నాలుగు నెలలు పని చేశాడు. నెంబరు అచ్చు వేసింది నేను. నీళ్లలో నానబెడితే కాగితం మీంచి పొరలా జారి విమానానికి అంటుకునే రకం అది. ఫొటోలో ఉన్న మూడు కన్నా నా మూడు లావైందని ఆరుసార్లు వెనక్కి పంపాడు. ఏడోసారి నేను కోపంతో వేసింది సరిపోయింది.

వెండిరంగు పట్టించి, మెరుగు పెట్టిన రోజున ఆ జానెడున్నర విమానం చూసి నిజంగా నా కళ్లు చెదిరాయి. రెండోవారం మళ్లీ పైకి వెళ్లేసరికి కడుపు కింద నూనె చారలు, తోక దగ్గర మసి, రెక్కల మీద దుమ్ము.

"ఎందుకప్పా, బాగా మెరుస్తా ఉండె కదా" అన్నాను.

"నువ్వు పెండ్లి ఫ్లెక్సీల్లో ముఖాలకి తెలుపు కొట్టేవాడివి. నీకేం తెలుస్తాది" అన్నాడు. నిజంగానే ఆ పొద్దున ఒక పెళ్లికొడుకు ముఖాన్ని మూడు వన్నెలు తెల్లగా చేసి వచ్చాను.

విమానం ఇవ్వడానికి ఇద్దరం నగరి బస్సెక్కాము. పెట్టె ధనంజయ ఒడిలో. పుత్తూరు దాటేదాకా ఒక గుంత కూడా దానికి తెలియనివ్వలేదు. బస్సు ఎగిరినప్పుడల్లా మనిషి మొత్తం పైకి లేచి గాల్లో పెట్టెను పట్టుకునేవాడు. "ఈరోజు మామ కళ్లనీళ్లు పెట్టుకోకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాడు.

సుబ్రమణ్యం ఇంట్లో ముందు గదిలో నాలుగు మరమగ్గాలు ఆడుతున్నాయి. మమ్మల్ని చూసి ఆయన నాలుగూ ఆపేశాడు. ఆ చప్పుడు ఆగాక మా మాటలు మాకే గట్టిగా వినిపించాయి. ఆయన భార్య చంద్రకాంతమ్మ మజ్జిగ తెచ్చింది. బల్లమీద పెట్టె తెరిచి, ధనంజయ రెండు చేతులతో విమానాన్ని తీసి పెట్టాడు.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకున్నాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కడుపు కింద చూశాడు. టార్చి తీయలేదు.

"పని బాగుండాది" అన్నాడు. "కానీ ఇది నాది కాదు."

ధనంజయ తోక మీది నెంబరు వైపు వేలు చూపించాడు. "నెంబరు అదే మామా. ఫొటో పెట్టి సూడు, మూడు కూడా అదే."

"ఇంత మురికితో నా విమానాన్ని నేను ఎప్పుడన్నా వదిలినానా?"

"విమానాలు ఇట్లనే ఉంటాయి మామా. నా దగ్గర ఫొటోలు ఉండాయి, సూపిస్తా." ఫోను తీసి ఒకదాని తర్వాత ఒకటి చూపించడం మొదలుపెట్టాడు. మసి పట్టినవి, నూనె కారినవి, దుమ్ము కొట్టుకున్నవి.

పెద్దాయన అన్నీ చూశాడు. "ఇవన్నీ దిగినంక తీసినవి" అన్నాడు. "నా పని ఎగిరేదానికి ముందు."

ధనంజయ ఫోను జేబులో పెట్టేశాడు. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుని, మామూలు గొంతుతోనే చెప్పాడు.

"డెబ్బై తొమ్మిది, నవంబరు. పొద్దున్నే లేచి ముక్కునుంచి తోకదాకా తుడిచినా. అన్నీ సూసి, టైమేసి సంతకం పెట్టినా. పైకి లేచిన రెండు నిమిషాలకి గద్ద తగిలింది. పైలట్టు దూకేసినాడు, కాలు విరిగింది, బతికినాడు. ఇప్పటికీ దీపావళికి ఫోను చేస్తాడు. విమానం మాత్రం కాలిపోయింది. తొమ్మిది దినాలు విచారణ జరిగె. శుభ్రం చేసినావా, అంతా సూసినావా, ఈ సంతకం నీదేనా అని అడిగినారు. అడగాల్సిందే, వాళ్ల పని అది. నా తప్పు లేదని కాగితం కూడా వచ్చె. కానీ ఆ తొమ్మిది దినాలు నన్ను నేనే అడగతా ఉంటినే, అది ఆగలేదబ్బా. తుడిచినానని నాకు తెలుసు. సూసినోళ్లు ఎవురూ లేరు, సూపించేదానికి విమానమూ లేదు. అందుకే నిన్ను అడిగినా, నా చేతినుంచి పోయినప్పుడు ఎట్ల ఉండెనో అట్ల అని."

నేను మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి ధనంజయ వైపు చూశాను. ఇరవై ఆరేళ్లలో ఆ మనిషి తల వంచగా చూడటం అదే మొదలు. నాలుగు నెలలుగా నెంబరులో మూడు లావు గురించి నాతో కొట్లాడినవాడు ఆ ఒక్క ముక్క అడగలేదు. అది అతనికీ ఆ క్షణంలోనే తెలిసింది.

"వెనక్కి తీసకపోతా మామా" అన్నాడు. "కడిగి తెస్తా."

వెనక్కి అనే మాట ఆ నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు.

పెద్దాయన ఒక వేలు రెక్కమీద పెట్టి మెల్లగా రుద్దాడు. వేలి కొనకు మసి అంటింది. "ఇది తుడిస్తే పోతాదా?"

"పోతాది. వెండి మీద వార్నిషు కొడితే మెరుపు చచ్చిపోతాదని కొట్టలే. కొంచెం టర్పెంటైను అంటిస్తే వచ్చేస్తాది. నా సంచిలో ఉండాది."

"అయితే ఇయ్యి. తుడిచేది నీ పని కాదు."

చంద్రకాంతమ్మ మగ్గం కిందనుంచి గుప్పెడు వేస్టు నూలు తెచ్చింది. ఆయన వద్దన్నాడు. "పోగు ఒకటి లోపల ఉండిపోతే ఇంజనులోకి పోతాది. గుడ్డ కావాల." ప్లాస్టిక్ విమానానికి ఇంజను లేదని ఎవరమూ అనలేదు. ఆమె పాత పంచె ముక్క చించి తెచ్చింది.

ఆయన పంచె ముక్కను వేలికి చుట్టి, టర్పెంటైనులో అంటించి, ముక్కు దగ్గర మొదలుపెట్టాడు. ఎప్పుడూ ముందునుంచి వెనక్కే. ఒక గీత అయ్యాక గుడ్డ మడత మార్చి ఇంకో గీత. సూది గొట్టం దగ్గర చెయ్యి దానంతట అదే చుట్టుతిరిగింది. ఉద్యోగం వదిలాక ముప్పై ఏడెనిమిదేళ్లుగా ఆ చెయ్యి ఆ పని చేయలేదు. ఎక్కడా తడబడలేదు. ధనంజయ పక్కన కూర్చుని, పెద్దాయన అడక్కుండానే విమానాన్ని కావలసినవైపు తిప్పి పట్టుకున్నాడు. ధనంజయ పెట్టిన వయసంతా మసిగా, చారలుగా గుడ్డకు దిగిపోయింది. కింద వెండి బయటపడింది. రేకుల అతుకుల సందుల్లో మాత్రం సన్నని నల్లగీత మిగిలింది, గుడ్డ అందని చోట అసలుదానిలోనూ మిగిలేదట.

ఎడమ రెక్క మొదట్లో ధనంజయ పెట్టిన బూటు రాపిడి దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు.

"ఇది ఎట్ల తెలుసు నీకు?"

"పైకెక్కేవాళ్లు ఆడనే కాలు పెడతారు కదా అని పెట్టినా మామా."

"ఎక్కేది నేనే. ఇది ఉండనీ." చుట్టూ తుడిచి దాన్ని అట్లాగే వదిలాడు. ధనంజయ ముఖంలోకి కొంచెం రక్తం వచ్చింది.

గంటకు పైగా పట్టింది. అయ్యాక ఆయన లేచి నిలబడి, బల్లమీదున్నవి పైకే లెక్కపెట్టాడు. సీసా ఒకటి, మూత ఒకటి, గుడ్డ ఒకటి. ఏదీ విమానం దగ్గర మర్చిపోలేదని చూసుకున్నాడు. అప్పుడు జేబులోంచి టార్చి తీశాడు. చక్రాల గూళ్లు మూడూ చూశాడు, వెనక పొగ గొట్టం చూశాడు.

"ఇది నాది" అన్నాడు.

నాకు కళ్లు తడిశాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆయన మాత్రం ఏడవలేదు, పేరు మార్చుకోవాల్సింది ధనంజయే.

పేరు పెద్దాయన ముందే రాయాలని ఆపుకుని వచ్చిన ధనంజయ, సంచిలోంచి ఎలుక మీసం కుంచె తీసి, విమానాన్ని పక్కన పెట్టి, చెక్కపీట తిరగేశాడు. పెద్దాయన చెయ్యి చాపాడు. "పెన్ను ఉండాదా?"

ధనంజయ కుంచెను సంచిలో పెట్టేశాడు. నా జేబులోంచి పెన్ను లాగి ఇచ్చాడు.

సుబ్రమణ్యం చెక్క అడుగున ముప్పై రెండు అని వేసి, పక్కన ఇంగ్లీషులో పొడి అక్షరాల సంతకం పెట్టాడు. దాని కింద టైము రాశాడు, పొద్దున ఆరు గంటల పది నిమిషాలు. ఆ గదిలో గోడ గడియారంలో పన్నెండున్నర దాటింది. ఆయన పెన్ను నాకిచ్చి, లేచి వెళ్లి, మగ్గాలు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ వేశాడు.